పట్టేసిన బోల్టును తల చెడకుండా తీయడం ఎలా? ఇంట్లో కారు పని చేసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

బ్రేక్ ప్యాడ్లు మార్చడం అరగంట పని. ప్యాడ్ల దాకా వెళ్లనివ్వని ఒక్క బోల్టు మాత్రం పూటంతా తినేస్తుంది. అది రాకపోతే చాలామంది వెంటనే పానాకు ఇనుప పైపు తగిలించి ఊపిరి బిగబట్టి లాగుతారు. ఆ పైపును వీలైనంత ఆలస్యంగా చేతిలోకి తీసుకోమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. బోల్టు తలకున్న ఆరు మూలలే మనకున్న పట్టు. అవి బాగున్నంతవరకు చేయగలిగిన ఉపాయాలు చాలానే ఉంటాయి. మూలలు అరిగిపోయినా, తల తెగిపోయినా ఇక డ్రిల్లింగో వెల్డింగో తప్పదు. అందుకే ఇక్కడి పనులన్నీ తక్కువ బలంతో మొదలై ఎక్కువ బలం వైపు వెళ్తాయి. మధ్యలో ఏదీ దాటేయకండి.

ముందు ఎందుకు పట్టేసిందో చూడండి

మంచు దేశాల్లోలా మనం రోడ్ల మీద ఉప్పు చల్లం. అయినా మన బెజవాడ కార్ల కింద తుప్పుకు కొదవ లేదు. వానాకాలం తేమ ఒకటి. సెలవు దొరికితే బందరు వైపో సూర్యలంకకో వెళ్లి ఇసుకలోకి కారు దించడం ఇంకొకటి. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ 2024 సెప్టెంబరులో బుడమేరు వరద. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. తర్వాత ఇంజిన్, సీట్లు, వైరింగ్ బాగు చేయించుకున్నారు కానీ కింద సస్పెన్షన్ బోల్టుల సందుల్లోకి వెళ్లిన సన్నటి బురదను ఎవరూ కడగలేదు. ఆ బురద తేమను పట్టి ఉంచుతుంది. ఇనుము తుప్పుగా మారితే మొదటి పరిమాణానికి రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. బోల్టు, నట్టు మరల (మెలికల గీతల) మధ్య ఉన్న వెంట్రుకవాసి ఖాళీ అలా పూడుకుపోతుంది. ఈ మధ్య సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవారు కింద బోల్టుల సందుల్లో ఎండిన బురద కనిపిస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ప్రతి బోల్టూ తుప్పు వల్లే పట్టేయదు. చక్రాల నట్లు రాకపోతే చాలాసార్లు కారణం టైర్ల షాపులో ఎయిర్ గన్‌తో అవసరానికి మించి బిగించడమే. వాటికి ఎంత ఆయిల్ కొట్టినా లాభం తక్కువ, పొడుగు హ్యాండిల్ కావాలి. అల్యూమినియం భాగంలో స్టీలు బోల్టు ఉంటే (గేర్‌బాక్స్, ఇంజిన్ పక్కన ఉండే బ్రాకెట్లు) రెండు లోహాల మధ్య తేమ చేరి అల్యూమినియమే తెల్లటి పొడిలా మారి బోల్టును పట్టేస్తుంది. అక్కడ ఎక్కువ బలం వాడితే బోల్టు కన్నా ముందు అల్యూమినియం మరలే ఊడివస్తాయి. మరల మీద ఎర్రటి లేదా నీలం రంగు గట్టి పదార్థం కనిపిస్తే అది థ్రెడ్ లాకర్, అంటే బోల్టు వదులవకుండా మరకు పూసే జిగురు. నీలం రకం మామూలు పానాతో వస్తుంది. ఎర్ర రకానికి దాదాపు 250 డిగ్రీల వేడి తగిలితే తప్ప పట్టు వదలదు. సైలెన్సర్ బోల్టుల కథ వేరు, వాటి గురించి తర్వాత చెప్తాను.

కారు కిందకు వెళ్లే ముందు

కారును సమతలంగా ఉన్న గట్టి నేల మీద ఆపండి. హ్యాండ్ బ్రేక్ వేసి, నేల మీదే ఉండే చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. జాకీ కారును లేపడానికే. కిందకు దూరే పని ఉంటే తప్పనిసరిగా జాక్ స్టాండ్లు పెట్టాలి. సిమెంటు ఇటుకలు, హాలో బ్రిక్స్ పెట్టేవాళ్లను చూస్తుంటాం. అవి పగిలేముందు ఏ హెచ్చరికా ఇవ్వవు, పెట్టకండి. పట్టేసిన బోల్టును లాగేటప్పుడు కారు మొత్తం ఊగుతుంది కాబట్టి ఈ జాగ్రత్త మామూలు పనికంటే ఇక్కడ ఎక్కువ అవసరం.

రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. పడుకుని పైకి చూస్తూ తుప్పును గీకితే అది రాలేది కళ్లలోనే. వేసవిలో అయితే పని తెల్లవారుజామున పెట్టుకోండి. రోళ్లు పగిలే రోహిణి ఎండలో పదకొండు దాటాక వదిలేసిన పానా పట్టుకుంటే చేయి కాలుతుంది, విసుగులో తొందర కూడా పెరుగుతుంది.

సరైన పానా, సరైన దిశ

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తల అరిగిపోయిన బోల్టుల్లో చాలావాటికి మూలం ఇక్కడే. ఎం8 (అంటే 8 మి.మీ. మందం మర ఉన్న) బోల్టుకు మారుతి, హ్యుందాయ్, టయోటా కార్లలో ఎక్కువగా 12 సైజు తల ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో 13 ఉంటుంది. 12 తలకు 13 పానా కూడా దూరుతుంది, కొద్దిగా ఆడుతుంది. గట్టిగా తిప్పగానే మూలలు గుండ్రంగా అయిపోతాయి. పానా పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. ఆట కనిపిస్తే ఆ సైజు పక్కన పెట్టేయండి.

పట్టేసిన బోల్టుకు నోరు తెరిచి ఉండే ఫిక్స్ పానా అసలు వాడకూడదు. అది రెండు వైపులే పట్టుకుంటుంది. రింగ్ పానా మేలు. అంతకంటే మేలు లోపల ఆరు పలకలున్న సాకెట్. పన్నెండు పలకల సాకెట్ పెట్టుకోవడానికి సులువే కానీ అది మూలల దగ్గర మాత్రమే ఒత్తుతుంది. ఆరు పలకలది తల పక్కలన్నిటినీ ఆనుకుంటుంది. మీ సాకెట్ సెట్‌లో అన్నీ పన్నెండు పలకలవే ఉంటే 10, 12, 14, 17 సైజులు ఆరు పలకలవి విడిగా కొనుక్కోండి. జపాన్, కొరియా తరహా కార్లకు ఇవే ఎక్కువ పడతాయి.

సాకెట్ పెట్టేముందు వైరు బ్రష్‌తో తల మీద తుప్పు, మట్టి పూర్తిగా గీకేయండి. సాకెట్ కిందిదాకా దిగాలి. దిగకపోతే సుత్తితో మెల్లగా తట్టి దించండి.

దిశ సంగతి: బోల్టు తలకు ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, ఎదురు తిప్పితే వదులవుతుంది. కారు కింద పడుకున్నప్పుడు, తల అవతలి వైపు ఉన్నప్పుడు ఈ లెక్క తలకిందులై బిగించేస్తుంటాం. వదులు చేస్తున్నాననుకుంటూ ఇంకా బిగించి విరగ్గొట్టిన బోల్టులు ఎన్నో ఉంటాయి. అనుమానం వస్తే లేచి బోల్టు తల ఉన్న వైపు వెళ్లి చూడండి.

ఆయిల్, దానికంటే ముఖ్యంగా సమయం

మనకు సులువుగా దొరికేది డబ్ల్యూడీ-40. దాన్ని 1953లో అమెరికాలో నీటిని తరిమి తుప్పు రాకుండా ఆపడానికి తయారుచేశారు. కొంతవరకు మరల్లోకి దూరుతుంది కానీ మొండి బోల్టులకు విడిగా పెనెట్రేటింగ్ ఆయిల్ అని అమ్మేది కొనండి. అది పలచగా ఉండి సన్నటి సందుల్లోకి పాకుతుంది. కొందరు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్), ఎసిటోన్ సగం సగం కలిపి వాడతారు. బాగా పనిచేస్తుంది. అయితే ఆ రెండూ కలిసి ఉండవు, వేసే ప్రతిసారీ బాగా కదపాలి. ఎసిటోన్ పెయింటును, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ఇట్టే అంటుకుంటుంది కూడా, కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు. డీజిలు, కిరసనాయిలు నెమ్మదిగా పనిచేస్తాయి, అసలు ఏదీ లేనప్పుడు అవే వాడుకోవచ్చు.

ఎక్కడ వేస్తున్నామన్నది ముఖ్యం. తల మీద పోస్తే కారిపోతుంది. ఆయిల్ చేరాల్సింది మరల దగ్గరికి. కాబట్టి బోల్టు అవతల మర బయటికి కనిపించే చోట, నట్టుకూ బోల్టుకూ మధ్య గీతలో వేయండి. పైనుంచి వేయగలిగితే బరువుకు అదే లోపలికి దిగుతుంది. ఒక్కసారి ఎక్కువగా వేసేకన్నా కొంచెం కొంచెంగా, గంట గంటకూ వేయడం మేలు. రాత్రి వేసి వదిలేసి ఉదయం తీస్తే ఇంకా మంచిది. ఆదివారం పని పెట్టుకున్నవారు శుక్రవారం సాయంత్రమే మొదటి విడత ఆయిల్ వేయండి. ఇంతకన్నా తేలికైన, ఇంతకన్నా ఫలితమిచ్చే పని ఇంకోటి లేదు. బ్రేకుల దగ్గరైతే డిస్కు, ప్యాడ్ల మీద పాలిథిన్ కవరు కప్పి వేయండి. ప్యాడ్‌కు ఆయిల్ అంటితే దాన్ని మార్చాల్సిందే.

ఆయిల్ వేసిన ప్రతిసారీ సుత్తితో బోల్టు తల మీద నేరుగా నాలుగైదు దెబ్బలు వేయండి. మరీ గట్టిగా కొట్టకండి, గణగణమని మోగేలా చాలు. తుప్పు పొరలో ఆ అదురుకు పగుళ్లు వస్తాయి, ఆయిల్ వాటిలోంచి దూరుతుంది. మర చివర బయటికి ఉంటే దాని మీద నేరుగా కొట్టకండి, మర చదునైపోతే నట్టు దాని మీదుగా రాదు. కొట్టక తప్పకపోతే నట్టును బోల్టు చివరకు సమంగా ఉండేదాకా తిప్పి ఆ తర్వాత కొట్టాలి.

ఇప్పుడు తిప్పడం

ముందు కొంచెం బిగించే వైపు తిప్పండి. వదులు చేయాల్సినదాన్ని బిగించడమేమిటని అనిపిస్తుంది. కానీ తుప్పు పట్టు వదలాలంటే ఏదో ఒక వైపు ఒక్క వెంట్రుక కదిలినా చాలు. టిక్ అని సన్నటి శబ్దం వస్తే పని సగం అయినట్టే. ఇక వెనక్కి తిప్పండి. పావు చుట్టు వచ్చి మళ్లీ బిగుస్తుంటే అక్కడితో ఆపండి. ఆయిల్ వేసి ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఇలా ముందుకూ వెనక్కూ చేస్తుంటే రాలిన తుప్పు పొడి మరల్లోంచి బయటికి వస్తుంది. ఒకే వైపు లాగితే ఆ పొడే మరల్లో ముద్దగా చేరి బోల్టును మళ్లీ పట్టేస్తుంది. విరిగే బోల్టుల్లో చాలావరకు అలా కదిలిన తర్వాతే విరుగుతాయి, ఎందుకంటే కదలగానే మనిషికి ఓపిక పోతుంది.

పైపు గురించి ఒక లెక్క చెప్తాను. మామూలు 8.8 రకం (తల మీద ఉండే ఈ అంకె బోల్టు గట్టిదనాన్ని చెప్తుంది) ఎం8 బోల్టును బిగించేది దాదాపు 25 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పే బలంతో. ఎం6కు 10, ఎం10కు 50, ఎం12కు 85 ప్రాంతంలో ఉంటుంది. అడుగులో సగం పొడవున్న చిన్న పానాతో 25 న్యూటన్ మీటర్లు రావాలంటే 17 కిలోల బలంతో లాగాలి, అంత లాగితే చేతికి గట్టిగానే తెలుస్తుంది. రెండడుగుల పైపు తగిలిస్తే నాలుగు కిలోల బలం చాలు. అంటే ఒక చేత్తో అలవోకగా లాగితేనే బిగించిన బలం దాటేస్తాం. ఇంకొంచెం లాగితే బోల్టు మెలి తిరుగుతోందని చేతికి తెలిసేలోపే తెగిపోతుంది. ఎం6, ఎం8 బోల్టులకు పైపు వాడకండి. ఎం12 పైబడినవాటికి, చక్రాల నట్లకు మాత్రమే పొడుగు హ్యాండిల్ పనికొస్తుంది. అక్కడ కూడా కుదుపుతో లాగకుండా నెమ్మదిగా బలం పెంచుతూ పోవాలి. బోల్టు తిరుగుతున్నా సాగుతున్నట్టు, మెత్తబడినట్టు అనిపిస్తే వెంటనే ఆపండి. అది విరగబోతోంది.

చక్రాల నట్ల సంగతి కొస్తే కారు నేల మీద ఉన్నప్పుడే వాటిని వదులు చేయాలి, జాకీ మీద కాదు. కారుతో ఇచ్చే ఎల్ పానా పొట్టిది. నాలుగు వైపులా చేతులుండే క్రాస్ పానా ఒకటి డిక్కీలో ఉంచుకోండి. పానా మీద ఎక్కి గెంతడం మాత్రం వద్దు. పానా జారితే కాలు విరుగుతుంది.

డ్రమ్ముకు, డిస్కుకు ఉండే స్టార్ స్క్రూలు రాకపోతే మామూలు స్క్రూడ్రైవర్‌తో ఒక్కసారి ప్రయత్నించి ఆపేయండి. గీతలు పోతాయి. వాటికి ఇంపాక్ట్ డ్రైవర్ అని చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేది ఉంటుంది. కొట్టిన ప్రతి దెబ్బకూ అది లోపలికి నొక్కుతూనే కొంచెం తిప్పుతుంది. ధర ఎక్కువేం కాదు, ఈ ఒక్క పనికోసమైనా ఇంట్లో ఉండాల్సిన సామాను.

వేడి

స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే ఇంట్లో బయటి గ్లాసును వేడినీళ్లలో పెడతారు కదా, ఇదీ అంతే. వేడి తగలాల్సింది నట్టుకు, అంటే బయట ఉన్న భాగానికి. అది వ్యాకోచిస్తే మధ్యలో సందు వస్తుంది. అల్యూమినియం స్టీలు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి అల్యూమినియంలో పట్టేసిన బోల్టులకు ఎర్రగా కాల్చే వేడి అక్కర్లేదు, పెయింటు తీసే హాట్ ఎయిర్ గన్ చాలా సందర్భాల్లో సరిపోతుంది. స్టీలు నట్టుకైతే చిన్న గ్యాస్ టార్చ్ కావాలి. వేడి చేసి, కొంచెం చల్లారనిచ్చి, కొవ్వొత్తి మైనాన్ని మర దగ్గర ఆనించండి. కరిగిన మైనం సందులోకి తనంతట తానే లాక్కుపోతుంది. ఇది ఆయిల్ కన్నా బాగా పనిచేసిన సందర్భాలు ఎక్కువ.

ఇక్కడ నేను ఖచ్చితంగా వద్దనేవి కొన్ని ఉన్నాయి. పెట్రోలు ట్యాంకు, ఇంధనం పైపులు, సీఎన్‌జీ సిలిండర్ లేదా దాని పైపుల దగ్గర మంట వద్దు. మన ఊళ్లో సీఎన్‌జీ కార్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, గొట్టాలు ఎటు వెళ్తున్నాయో ముందే చూసుకోండి. షాక్ అబ్జార్బర్‌ను వేడి చేయకండి, లోపల గ్యాస్ ఒత్తిడి మీద ఉంటుంది. రబ్బరు బుష్‌లు, బ్రేక్ గొట్టాలు కాలిపోతాయి. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట అది పూర్తిగా ఆరకుండా మంట అసలు పెట్టకండి. కొన్ని రకాల క్లీనర్లలో క్లోరిన్ ఉన్న ద్రావకాలుంటాయి, అవి వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. పెనెట్రేటింగ్ ఆయిల్ వేసిన బోల్టునైతే ముందు గుడ్డతో శుభ్రంగా తుడవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో టార్చ్ పని అసలే వద్దు. గాలి ఆడదు, పక్కన ఇంకో పది బళ్లుంటాయి. ఆరుబయట, బకెట్ నీళ్లు, ఇసుక, వీలైతే చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని చేసే పని ఇది. వీటిలో ఏది కుదరకపోయినా వేడి చేసే పని మెకానిక్‌కు వదిలేయండి.

సైలెన్సర్ బోల్టులు, బ్లీడర్ నిపుల్

సైలెన్సర్ నట్లు వందల డిగ్రీల వేడిలో ఏళ్ల తరబడి కాలి ఉంటాయి. వాటి కోసం ఎక్కువ తాపత్రయపడకండి. వెనకవైపు ఫ్లాంజ్ (పైపులు కలిసే అతుకు) బోల్టులు ఎలాగూ కొత్తవి వేయాల్సినవే. ఆయిల్‌కు రాకపోతే హ్యాక్సా బ్లేడుతో కోసేయడం మంచి నిర్ణయం. ఇంజిన్ దగ్గర, పొగ గొట్టం ఇంజిన్‌కు కలిసే మ్యానిఫోల్డ్ స్టడ్‌లు (తల లేని బోల్టులు) మాత్రం వేరు. అవి విరిగితే సిలిండర్ హెడ్‌లో ముక్క ఉండిపోతుంది.

బ్రేకుల్లో గాలి తీసే బ్లీడర్ నిపుల్ సన్నది, మధ్యలో బోలుగా ఉంటుంది. ఈ మొత్తం వ్యాసంలో అన్నిటికన్నా తేలిగ్గా విరిగేది అదే. ఆరు పలకల సాకెట్, రెండు రోజుల ఆయిల్, తేలికపాటి దెబ్బలు. అంతకు మించి ఏమీ చేయకండి. రాకపోతే క్యాలిపర్‌తో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) సహా విప్పి లేత్ షాపుకు పట్టుకెళ్లండి.

తల అరిగిపోతే

ముందు కొంచెం చిన్న సైజు సాకెట్ తీసుకుని సుత్తితో కొట్టి ఎక్కించండి. 13 సైజు తల అరిగితే అర అంగుళం సాకెట్ (12.7 మి.మీ.) గట్టిగా పట్టుకుంటుంది. లేదంటే లోపల మెలి తిరిగిన పళ్లుండే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు అమ్ముతారు, తిప్పేకొద్దీ అవి తలను కొరుకుతాయి. తల బయటికి బాగా ఉంటే గ్రిప్ ప్లయర్ కూడా పనిచేస్తుంది. నట్టు అయితే ఇంకా సులువు. నట్టును పగలగొట్టే నట్ స్ప్లిట్టర్ వాడండి, లేదా ఉలితో ఒక పలకను చీల్చండి. నట్టు పోయినా బోల్టు మిగులుతుంది.

తల తెగి మర లోపల ఉండిపోతే అది ఓపిక, చేతి నిదానం కావాల్సిన పని. ముక్క మీద సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్‌తో గుంట పెట్టాలి. మొదట 3 మి.మీ. బిట్‌తో, నెమ్మది వేగంతో, కటింగ్ ఆయిల్ వేస్తూ రంధ్రం చేయాలి. ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్ దొరికితే అదే వాడండి, రంధ్రం చేస్తూండగానే ముక్క ఒక్కోసారి తనంతట తానే తిరిగి వచ్చేస్తుంది. ఈజీ అవుట్ అనే ఎదురు మెలికల పనిముట్టు వాడేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. అది బాగా గట్టి స్టీలు, కాబట్టి పెళుసు. లోపల విరిగితే మామూలు డ్రిల్ దాని మీద నడవదు. సన్న బోల్టులకు నేనైతే అది వాడను.

నా లెక్కలో ఇంట్లో ఆగాల్సిన చోటు ఇదే. ముక్క ఇంజిన్‌లోనో, స్టీరింగ్ భాగాల్లోనో, క్యాలిపర్ బ్రాకెట్ దగ్గరో ఉంటే ఆటోనగర్ వెళ్లండి. బెజవాడలో ఉన్నవారికి అది పెద్ద అదృష్టం, లేత్, వెల్డింగ్, స్పేర్ పార్టులు అన్నీ ఒక్క చోటే దొరికే ఊళ్లు ఎక్కువ లేవు. గుంటూరు నుంచి కూడా అక్కడికే రావడం మేలు. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి దాని రంధ్రంలోంచి వెల్డింగ్ చేసి, ఆ వేడి మీదే పానాతో తిప్పేస్తారు. అనుభవం ఉన్న చేతికి అది పది నిమిషాల పని. కారుకు అతికి ఉండగానే వెల్డింగ్ చేయిస్తుంటే బ్యాటరీ నెగటివ్ వైరు తీశారో లేదో మీరే చూసుకోండి, లేకపోతే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) దెబ్బతినే ప్రమాదం ఉంది. మర పూర్తిగా పోయి ఉంటే హెలికాయిల్ (రంధ్రంలో కొత్త మరగా పనిచేసే స్టీలు తీగ చుట్ట) వేయమని అడగండి. పెద్ద సైజు బోల్టు దూర్చి సరిపెట్టే పని ఒప్పుకోకండి.

తిరిగి బిగించేటప్పుడు

పాత బోల్టు మర అరిగినా, మెడ దగ్గర సన్నబడినా దాన్ని మళ్లీ వాడకండి. కొత్తది కొనడానికి వెళ్లేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లి నాలుగు విషయాలు సరిచూడండి: మందం, పొడవు, మర దూరం (ఒక మెలికకూ పక్క మెలికకూ మధ్య మి.మీ.లు), తల మీద అంకె. మర దూరం కంటికి తెలియదు. మారుతి చక్రాల నట్లు 12 మి.మీ. మందం, 1.25 దూరం. హ్యుందాయ్‌వి అదే మందం, 1.5 దూరం. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. తల మీద 8.8 లేదా 10.9 అని ఉంటే కొత్తదాని మీద అదే ఉండాలి. ఏ అంకె లేని హార్డ్‌వేర్ షాపు బోల్టును బ్రేకులకు, సస్పెన్షన్‌కు వేయకూడదు. అది గేటుకు పనికొస్తుంది, మీ పిల్లలు కూర్చునే కారుకు పనికిరాదు. కొన్ని బోల్టులు ఒక్కసారి బిగించడానికే తయారవుతాయి. మాన్యువల్‌లో అలా ఉంటే కొత్తవే వేయండి.

రంధ్రంలోని మరను బ్రష్‌తో, వీలైతే అదే సైజు ట్యాప్‌తో (మర కోసే పనిముట్టు) శుభ్రం చేయండి. మొదటి నాలుగైదు చుట్లు పానా లేకుండా వేళ్లతోనే ఎక్కాలి. సైలెన్సర్ బోల్టులకు కాపర్ గ్రీజు కొంచెం రాయండి. చక్రాల నట్లకు మాత్రం మాన్యువల్ చెప్పకుండా రాయకండి. గ్రీజు ఉంటే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువగా సాగుతుంది. చిన్న కార్లకు చక్రాల నట్ల టార్క్ సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుది ఎంతో మాన్యువల్‌లో చూసి, టార్క్ రెంచ్‌తో ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగించండి. యాభై, వంద కిలోమీటర్లు నడిపాక ఒకసారి మళ్లీ సరిచూడండి. తర్వాత ఎప్పుడైనా టైర్ల షాపుకు వెళ్తే చివరి బిగింపు గన్‌తో కాకుండా చేత్తో వేయమని అక్కడే నిలబడి చెప్పండి.